ఒక్క గుద్దుకు ఖతమయ్యే విలన్‌ను సూపర్‌హీరో ఎందుకు సతాయిస్తడు?

కొండను ఎత్తి అవతల పారేసే బలమున్నోడు సూపర్‌హీరో. ఎదురుంగ ఉన్నోడు చిల్లర దొంగ. అయినా మెల్లగ ఒక దెబ్బ ఏస్తడు. వాడు లేస్తడు, మళ్ల ఇంకోటి ఏస్తడు. మొదలే పూర్తి బలం ఎందుకు వాడడు? కామిక్స్ సదివే పోరగాళ్లందరికీ ఉండే డౌటే ఇది.

కథ రాసేటోళ్లకు ఇదొక అవసరం. మొదటి గుద్దుకే విలన్ పడిపోతే బుక్కు రెండు పేజీలకే ఖతం. గని మంచి రైటర్లు ఆ అవసరాన్నే హీరో గుణంగ మలిచిండ్రు.

1938ల పుట్టినప్పుడు సూపర్‌మ్యాన్ ఎగిరెటోడు గాదు, బిల్డింగుల మీదికెంచి దుంకెటోడు. ఏండ్లు గడిచినకొద్ది బలం పెంచుకుంట పోయిండ్రు. దాంతోపాటు జాగ్రత్త గూడ పెరిగింది. 2006ల వచ్చిన ‘జస్టిస్ లీగ్ అన్‌లిమిటెడ్’ కార్టూన్ ఆఖరి ఎపిసోడ్‌ల ఆయనే చెప్తడు: ఈ లోకం నాకు అట్టముక్కలతోని కట్టినట్టు అనిపిస్తది, ఏది ఇరుగుతదో, ఎవరు సస్తరో అని ఎప్పుడూ ఆపుకుంటనని. ఎదురుంగ డార్క్‌సైడ్ అసొంటి గట్టోడు దొరికినప్పుడే చెయ్యి ఇడుస్తడు.

స్పైడర్‌మ్యాన్ లెక్క ఇంకా విచిత్రం. 2012 చివర్ల వచ్చిన 700వ సంచికల ఆయన శరీరంల డాక్టర్ ఆక్టోపస్ మనసు ఉంటది. ఆ విలన్ ఒక్క గుద్దు గుద్దితే స్కార్పియన్ దవడ ఊడిపోతది. పీటర్ ఇన్నేండ్లు ఎంత ఆపుకున్నడో శత్రువుకు అప్పుడు సమజైతది.

మరి మన దిక్కు? ఉప్పల్ దగ్గర్ల నాచారం ఉంటది. ఆడ స్టూడియో కట్టిన ఎన్టీఆరే 1980ల ‘సూపర్‌మ్యాన్’ అనే తెలుగు సినిమాల హీరో. ఆ హీరోకు బలం వేరే గ్రహం నుంచి రాలే, హనుమంతుడు ఇచ్చిండు. 2024ల వచ్చిన ‘హనుమాన్’ సినిమాల మణి ఎండ పడితేనే పనిచేస్తది, పొద్దుగూకితే బలం బందు. బలం ఇచ్చినోళ్లే దానికి బ్రేకు గూడ పెట్టిండ్రన్నట్టు.

ఆ బ్రేకు కథ రామాయణం నుంచే ఉంది. చిన్నప్పుడు హనుమంతుడు మునులను సతాయిస్తే, ఎవరన్న యాది చేసేదాక నీ బలం నీకు తెల్వదని శాపం పెట్టిండ్రు. సముద్రం కాడ అందరు ‘మాతోని గాదు’ అంటుంటే హనుమంతుడు ఓ పక్కకు ఊకెనే కూసున్నడు. జాంబవంతుడు యాది చేసినంకనే నూరు యోజనాలు దుంకిండు. లంకల మాత్రం పిల్లంత చిన్నగై సీతను దేవులాడిండు. బలం తెలిసినంక గూడ ఎక్కడ తగ్గాల్నో ఆయనకు తెలుసు.

ఈడ రెండు తీర్ల ఆగుడు కనిపిస్తది. ఎదుటోళ్లకు దెబ్బ తగలొద్దని సూపర్‌మ్యాన్ ఆగిండు, అది ఓర్పు. తన బలం తనకే తెల్వక హనుమంతుడు కూసున్నడు, అది మరుపు.

ఊరికెంచి పట్నమొచ్చిన పోరడు సబ్జెక్టు అంత తెలిసి గూడ, తన యాసకు నవ్వుతరేమోనని ఇంటర్వ్యూల నోరు మెదపడు. అది ఓర్పు గాదు. ఆడ ఎవరికీ దెబ్బ తగల్లే, తగిలింది వానికే. అసొంటోడు మీ దోస్తులల్ల ఉంటే, జాంబవంతుని పని మీరే చెయ్యుండ్రి.