తెర నల్లబడితే బోర్డు పాడైనట్టేనా? రాస్ప్‌బెర్రీ పై పరీక్షించే విధానం

గత వర్షాకాలంలో పొట్టంగి వైపు గ్రామం నుండి ఒక తండ్రి తువ్వాలులో చుట్టిన చిన్న బోర్డును మా ఇంటికి తెచ్చారు. విశాఖపట్నంలో కూలిపని చేసి మిగిల్చిన సొమ్ముతో, తొమ్మిదవ తరగతి చదివే కుమార్తె కోసం ఎవరో వాడినదానిని కొన్నారట. "మాస్టారూ, ఇది పోయిందన్నారండి. కొత్తది కొనుక్కోమన్నారు" అన్నారు. ఘాటు దిగి మరమ్మతు దుకాణానికి రెండుమార్లు తిరగడంతో బస్సు ఛార్జీలే ఆయనకు భారమయ్యాయి. నేను చేసినది స్వల్పం. మొబైలు ఛార్జరునూ దాని సన్నని తీగనూ తీసి, మా ఇంటి ఛార్జరు పెట్టాను. బోర్డు వెలిగింది. అటువంటి బోర్డు ఉన్న ఇళ్ళవారికి ఉపయోగపడగలదని ఈ వివరాలు వ్రాస్తున్నాను.

రాస్ప్‌బెర్రీ పై అనేది పేకముక్కంత పలకపై ఇమిడిన పూర్తి కంప్యూటరు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరంలో రూపొంది, 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది. దీనికి బ్యాటరీ లేదు, సొంత తెర లేదు. మనం సాధారణంగా వాడే నమూనాలలో హార్డుడిస్కు కూడా లేదు. వ్యవస్థ అంతా గోరంత మెమొరీ కార్డులో ఉంటుంది. కనుక తెర వెలగలేదంటే విద్యుత్తు, కార్డు, టీవీ తీగ అనే మూడింటిని పరీక్షించిన తరువాతనే బోర్డును అనుమానించాలి.

మొదట విద్యుత్తు. మన గ్రామాలలో రాత్రివేళ బల్బు మసకబారగానే "లోవోల్టేజి వలన కంప్యూటరు ఆగింది" అంటారు. ఇది చాలవరకు పొరపాటు. మంచి ఛార్జర్లు 100 నుండి 240 వోల్టుల వరకు దేనినైనా తీసుకొని 5 వోల్టులే ఇస్తాయి. అసలు నష్టం ఛార్జరు దాటిన తరువాత, తీగలో జరుగుతుంది. తీగ నిరోధం 0.2 ఓమ్‌లు ఉండి, బోర్డు 2 ఆంపియర్లు లాగినచో 0.4 వోల్టు దారిలోనే పోతుంది. మిగిలేది 4.6 వోల్టులు. వోల్టేజి 4.63 కంటే తగ్గితే బోర్డు హెచ్చరిస్తుంది: తెర కుడివైపు పైమూలన పసుపుపచ్చని మెరుపు గుర్తో, విద్యుత్తు తక్కువైందనే సందేశమో కనబడుతుంది. మూడవ తరం బోర్డుకు 2.5, నాలుగవ తరానికి 3, ఐదవ తరానికి 5 ఆంపియర్ల ఛార్జరును తయారీదారులు సూచిస్తున్నారు. ఫోనుకు సరిపోయే 1 ఆంపియరు ఛార్జరు వీటికి చాలదు.

తరువాత దీపాలు చూడండి. మూడవ, నాలుగవ తరం బోర్డులపై ఎర్రదీపం విద్యుత్తుకు గుర్తు. ఆకుపచ్చ దీపం కార్డును చదువుతున్నప్పుడు మినుకుమంటుంది. 2023లో వచ్చిన ఐదవ తరంలో రెండు రంగులూ ఒకే దీపంలో ఉన్నాయి. మూడవ తరం బోర్డులో ఎర్రదీపం నిలకడగా వెలిగి ఆకుపచ్చది అసలు కదలకపోతే, కార్డు అందడం లేదని గ్రహించాలి. తెరపై ఇంద్రధనుస్సు రంగుల చతురస్రం వచ్చి అక్కడే నిలిచిపోతే బోర్డు, టీవీ తీగ రెండూ బాగానే ఉన్నట్టు. కార్డులోని వ్యవస్థను సందేహించాలి.

నాలుగవ తరం బోర్డుకు ఒక చక్కని పరీక్ష ఉన్నది. కార్డు తీసివేసి, టీవీ కలిపి, విద్యుత్తు ఇవ్వండి. కొన్ని క్షణాలలో తెరపై బోర్డు వివరాలు అక్షరాలలో కనబడితే బోర్డు సజీవంగా ఉన్నట్టే. ఈ బోర్డుకు తెర కలిపే రంధ్రాలు రెండు. విద్యుత్తు రంధ్రానికి దగ్గరగా ఉన్నదానినే వాడాలి. టీవీని ముందుగా వెలిగించి, సరైన ఇన్‌పుట్ ఎంచి, ఆ తరువాత బోర్డుకు విద్యుత్తు ఇవ్వాలి. టీవీ ఆగి ఉండగా బోర్డు మేల్కొంటే, తెర లేదనుకొని బొమ్మ పంపకపోవచ్చు. పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

ఇక కార్డు. పిడుగుల కాలంలో కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు కార్డుపై వ్రాత సగంలో ఆగి, లోపలి వ్యవస్థ చెడవచ్చు. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అటువంటి కార్డును ఒకసారి విండోస్ కంప్యూటరులో పెట్టాను. "ఈ డిస్కును ఫార్మాట్ చేయాలా?" అని అడిగింది. కార్డులోని ముఖ్యభాగం లినక్స్ పద్ధతిలో ఉంటుంది గనుక విండోస్ దానిని గుర్తించలేక అలా అడుగుతుంది. నేను అవునని నొక్కాను. మా పిల్లలు ఏడాదిపాటు కూర్చిన తెలుగు–ఒడియా పదాల పట్టిక పోయింది. మీరు కాదనండి. కొత్త కార్డుపై రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్ అనే ఉచిత సాఫ్టువేరుతో వ్యవస్థను ఎక్కించి బోర్డును నడపండి. పాత కార్డును రీడరులో పెట్టి యూఎస్‌బీ రంధ్రానికి తగిలిస్తే, లోపలి దస్త్రాలు చాలాసార్లు కనబడతాయి. వాటిని నకలు తీసుకున్న తరువాతనే పాత కార్డును తుడవండి.

తెర వచ్చి తెలుగు, ఒడియా అక్షరాల చోట గళ్ళు కనబడితే అది జబ్బు కాదు. ఫాంట్లు లేవన్నమాట. ఇంటర్నెట్ ఉన్నచోట ఫాంట్స్-ఇండిక్ అనే ప్యాకేజీని ఎక్కిస్తే రెండు లిపులూ వస్తాయి.

తగిన ఛార్జరు, మంచి తీగ పెట్టినా ఏ దీపమూ వెలగకపోతే, లేదా కార్డు లేకుండానే మధ్యనున్న చిప్పు క్షణాలలో చేయి పెట్టలేనంతగా కాలిపోతుంటే, బోర్డు నిజంగా పోయి ఉండవచ్చు. ప్రయోగాలు చేసే పిల్లలు అంచున ఉన్న 40 పిన్నులలో 5 వోల్టుల పిన్నును పక్కదానికి తాకించారేమో అడిగి చూడండి. సంకేతాల పిన్నులు 3.3 వోల్టులకు మించి భరించలేవు.