స్కూటరు భాగములను మార్చవలసిన సమయము

మన సభ్యుల బిడ్డలనేకులు అమీరుపేట శిక్షణాలయములలో చదువుచు, పంజగుట్ట దారిని స్కూటర్లపై తిరుగుచున్నారు. 2017లో మెట్రోరైలు వచ్చినను అచ్చట రద్దీ తీరలేదు. ఆగినప్పుడెల్ల బ్రేకు షూలును, కదలినప్పుడెల్ల క్లచ్చును అరుగును. కావున కిలోమీటర్ల లెక్కనొక్కదానినే నమ్మరాదని మేము హెచ్చరించుచున్నాము.

డ్రమ్ము బ్రేకును పూర్తిగా పట్టినపుడు చక్రము వద్దనున్న బాణపుగుర్తు హద్దుగీతను చేరినచో షూలను మార్చవలెను. టైరు గాళ్ళలోని అరుగుదల గుర్తులతో పైభాగము సమమైనచో టైరును మార్చవలెను. బెల్టునందు పగుళ్లు కనబడినను, తయారీదారుల పుస్తకములోని గడువు ముగిసినను మార్చవలెను. అది తెగినచో ఇంజను తిరిగినను బండి కదలదు.

అరిగిన కఱ్ఱుతో దున్నిన ఎడ్లకు శ్రమ. అరిగిన బ్రేకుతో నడిపిన ప్రాణమునకే ముప్పు. నెలకొకసారి బండిని పరీక్షింపించుకొనుడని బిడ్డలకు నేడే చెప్పుడు.