దూరం కన్నా భరోసా ముఖ్యం: తక్కువ ధరలో డ్రోన్ రిమోట్‌ను ఎంచుకోవడం ఎలా?

అభిరుచి కోసం చిన్న డ్రోన్‌నో, థర్మోకోల్ విమానాన్నో ఎగురవేయాలనుకునేవారు ముందుగా విమానం గురించే ఆలోచిస్తారు. మోటారు, బ్యాటరీ, రెక్కల పొడవు అన్నీ లెక్క వేసుకున్నాక మిగిలిన డబ్బుతో రిమోట్ కంట్రోలర్ కొంటారు. నిజానికి ఈ వరుస తిరగబడి ఉండాలి. విమానాలు కూలుతాయి, విరుగుతాయి, మారుతుంటాయి. చేతిలోని కంట్రోలర్ మాత్రం ఏళ్ల తరబడి నిలుస్తుంది. గాలిలోని వస్తువుకూ నేలపై ఉన్న మనిషికీ మధ్య ఉన్న ఒకే ఒక్క బంధం అదే. ఆ బంధం తెగితే కిలో బరువున్న యంత్రం ఎవరి నెత్తిన పడుతుందో చెప్పడం కష్టం.

ఒకప్పుడు దూరం వెళ్లే కంట్రోలర్ అంటే ఖరీదైన వ్యవహారం. టీమ్ బ్లాక్‌షీప్ సంస్థ తెచ్చిన క్రాస్‌ఫైర్ వంటి వ్యవస్థలకు కంట్రోలర్ ధరకు తోడు విడి మాడ్యూల్, ప్రత్యేక రిసీవర్ కొనవలసి వచ్చేది. ఎక్స్‌ప్రెస్‌ఎల్‌ఆర్‌ఎస్ రాకతో ఈ పరిస్థితి మారింది. అభిరుచిపరులే కలిసి రాసి, అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచిన సాఫ్ట్‌వేర్ ఇది. సంక్షిప్తంగా దీన్ని ఈఎల్‌ఆర్‌ఎస్ అంటారు. సెమ్‌టెక్ సంస్థ తయారుచేసే లోరా చిప్‌లపై ఇది పనిచేస్తుంది. ఎవరైనా దీన్ని వాడుకుని పరికరాలు తయారుచేయవచ్చు కనుక పోటీ పెరిగింది, ధరలు దిగివచ్చాయి.

అంకెలు చెప్పేది ఏమిటి?

ప్రకటనల్లో కనిపించే కిలోమీటర్ల లెక్కను అర్థం చేసుకోవాలంటే కొద్దిపాటి గణితం కావాలి. రేడియో సంకేతం బలాన్ని డీబీఎం అనే కొలమానంలో చెబుతారు. 100 మిల్లీవాట్ల శక్తి అంటే 20 డీబీఎం. 2.4 గిగాహెర్ట్జ్ సంకేతం ఏ అడ్డూ లేని గాలిలో ఒక కిలోమీటరు ప్రయాణించేసరికి దాదాపు 100 డెసిబెల్స్ మేర బలహీనపడుతుంది. అంటే కిలోమీటరు దూరంలోని రిసీవర్‌కు అందేది సుమారు మైనస్ 80 డీబీఎం. సెకనుకు 250 ఆదేశాలు పంపే స్థితిలో ఈఎల్‌ఆర్‌ఎస్ రిసీవర్ మైనస్ 108 డీబీఎం వరకు సంకేతాన్ని పసిగట్టగలదు. ఇంకా 28 డెసిబెల్స్ నిల్వ మిగిలే ఉందన్నమాట.

దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ ఖర్చవుతాయి. ఆ లెక్కన 28 డెసిబెల్స్ నిల్వతో సంకేతం కాగితం మీద 25 కిలోమీటర్ల దాకా చేరుతుంది. కేవలం 100 మిల్లీవాట్లతోనే ఇది సాధ్యమైతే మరి విమానాలు అరకిలోమీటరులోనే ఎందుకు అదుపు తప్పుతున్నాయి?

కారణం నిల్వను తినేసే అడ్డంకులు. దట్టమైన చెట్ల గుబురు, కాంక్రీటు గోడ, చివరకు కంట్రోలర్ పట్టుకున్న మనిషి శరీరం కూడా సంకేతాన్ని అడ్డుకుంటాయి. నిటారు యాంటెన్నా పక్కలకు బాగా ప్రసరిస్తుంది, కొన వైపు మాత్రం చాలా తక్కువ. యాంటెన్నా కొనను విమానం వైపు గురిపెట్టడం అందుకే పొరపాటు. దాన్ని పక్కకు వాల్చి, దాని వెడల్పు భాగం విమానాన్ని చూసేలా ఉంచాలి. దీనికి తోడు నగరాల్లో అదే పౌనఃపున్యంపై పనిచేసే వైఫై రొద కూడా ఉంటుంది. ఇవన్నీ కలిసి 20, 25 డెసిబెల్స్‌ను సునాయాసంగా మింగేస్తాయి.

కనుక దూరం వెళ్లే కంట్రోలర్ కొనడమంటే దూరంగా ఎగరవేయడానికని కాదు. కంటి ముందు 300 మీటర్ల దూరంలో ఉన్న విమానం చెట్టు చాటుకు వెళ్లినా, ఒరిగి యాంటెన్నా దిశ మారినా బంధం తెగకుండా ఉండేందుకు. కొనుగోలుదారు డబ్బు పెడుతున్నది దూరానికి కాదు, నిల్వకు.

ఏ పౌనఃపున్యం?

ఈఎల్‌ఆర్‌ఎస్ ప్రధానంగా రెండు పట్టీల్లో లభిస్తుంది. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 900 మెగాహెర్ట్జ్ అని స్థూలంగా పిలిచే పట్టీ. రెండోదాని సంకేతం తక్కువ పౌనఃపున్యంలో ఉంటుంది కనుక అదే దూరంలో దాదాపు 9 డెసిబెల్స్ తక్కువగా క్షీణిస్తుంది, చెట్లను కూడా మెరుగ్గా దాటుతుంది. అయితే దాని యాంటెన్నాలు పొడవు. పావు తరంగం పొడవు 2.4 గిగాహెర్ట్జ్‌లో సుమారు 3 సెంటీమీటర్లయితే, ఇక్కడ 8 సెంటీమీటర్లు దాటుతుంది. అరచేతిలో ఇమిడే డ్రోన్‌పై దాన్ని అమర్చడం ఇబ్బందే.

భారతీయ కొనుగోలుదారు జాగ్రత్తపడవలసిన మెలిక ఇక్కడే ఉంది. విదేశీ అమ్మకందారులు తరచూ విక్రయించేది అమెరికా కోసం తయారైన 915 మెగాహెర్ట్జ్ పరికరం. అది 902 నుంచి 928 మెగాహెర్ట్జ్ వరకు ప్రసారం చేస్తుంది. మన దేశంలో 890 నుంచి 915 వరకు ఉన్న భాగాన్ని సెల్‌ఫోన్లు టవర్లకు సంకేతాలు పంపడానికి వాడుతున్నాయి. అక్కడ ప్రసారం చేయడం చట్టవిరుద్ధం, పక్కవారి ఫోన్ సేవలకు ఆటంకం కూడా. భారత్‌లో లైసెన్స్ లేకుండా వాడుకునేందుకు విడుదలైనది 865 మెగాహెర్ట్జ్ వద్ద మొదలయ్యే చిన్న పట్టీ మాత్రమే. దానికీ శక్తిపైనా, సంకేతం వెడల్పుపైనా పరిమితులున్నాయి. ఈ చిక్కులేవీ లేని 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ చాలామంది అభిరుచిపరులకు సరైన ఎంపిక. రిసీవర్లు చవక, యాంటెన్నాలు చిన్నవి, దేశం మారినా ఇబ్బంది తక్కువ.

చేతిలో ఉండే పరికరం

ఇక కంట్రోలర్ విషయం. మన దేశంలో ఇంజినీరింగ్ విద్యార్థుల చేతుల్లో ఎక్కువగా కనిపించేది ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది, సాధారణంగా రిసీవర్‌తో కలిపే వస్తుంది. మైదానంలో చిన్న విమానం నేర్చుకునేందుకు ఇప్పటికీ పనికొస్తుంది. అయితే అది సొంత ప్రోటోకాల్‌పై నడుస్తుంది కాబట్టి రిసీవర్లకు ఆ ప్రోటోకాల్‌నే నమ్ముకోవాలి. దాని కర్రల కింద ఉండేవి రాపిడితో పనిచేసే పొటెన్షియోమీటర్లు. అవి కాలక్రమంలో అరుగుతాయి.

2023లో వచ్చిన రేడియోమాస్టర్ పాకెట్ ఈ తరగతిలో లెక్కలు మార్చింది. విడుదలైనప్పుడు దాని అంతర్జాతీయ ధర 65 డాలర్ల లోపే. అయస్కాంతం ఆధారంగా రాపిడి లేకుండా పనిచేసే హాల్ సెన్సర్ కర్రలు, 250 మిల్లీవాట్ల ఈఎల్‌ఆర్‌ఎస్ ప్రసారిణి, ఎడ్జ్‌టీఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇందులో ఉన్నాయి. రెండు 18650 సెల్స్ విడిగా కొనుక్కోవాలి. ఇదే కంట్రోలర్ ఈఎల్‌ఆర్‌ఎస్ లేని మరో రకంలోనూ దొరుకుతుంది. పెట్టె మీద ఏ రకమో చూడకుండా కొంటే అసలు ప్రయోజనమే దక్కదు. పెద్ద చేతులున్నవారికి, ఎక్కువ మీటలు కావాలనుకునే విమాన అభిమానులకు ఇదే సంస్థకు చెందిన టీఎక్స్12 మార్క్ 2, బాక్సర్ వంటివి మరింత అనువుగా ఉంటాయి.

ఏది కొన్నా నాలుగు విషయాలు చూడాలి. కర్రలు హాల్ సెన్సర్లవేనా? సాఫ్ట్‌వేర్‌ను నవీకరించుకునే వీలుందా? అదనపు మాడ్యూల్ అమర్చే గూడు ఉందా? యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు కలిపి సిమ్యులేటర్‌లో వాడుకోవచ్చా? కొత్తవారికి చివరి ప్రశ్నే అతి ముఖ్యం. తెర మీద యాభై సార్లు కూలితే ఖర్చు ఉండదు, మైదానంలో ఒక్కసారి కూలినా జేబుకు చిల్లు పడుతుంది.

రిసీవర్ వద్ద జరిగే పొరపాటు

ఈఎల్‌ఆర్‌ఎస్ రిసీవర్లలో అతి చవకైనవి గోరంత ఉంటాయి. అవి ఫ్లైట్ కంట్రోలర్‌కు ఒకే తీగ మీద వరుసగా సమాచారం పంపేందుకు తయారైనవి. వాటికి సర్వో మోటార్లను నేరుగా తగిలించే పిన్నులు ఉండవు. డ్రోన్‌కు ఇవి సరిపోతాయి. ఫ్లైట్ కంట్రోలర్ లేని సాదా విమానానికి మాత్రం పీడబ్ల్యూఎం పిన్నులున్న రిసీవర్ కావాలి. కంట్రోలర్‌లోనూ, రిసీవర్‌లోనూ ఉన్న ఈఎల్‌ఆర్‌ఎస్ ప్రధాన వెర్షన్ ఒకటే కావాలి. ఒకదానిలో రెండో వెర్షన్, మరోదానిలో మూడో వెర్షన్ ఉంటే అవి ఒకదానినొకటి గుర్తించవు. యాంటెన్నా బిగించకుండా కంట్రోలర్‌ను ఆన్ చేయకూడదు. అలా చేస్తే ప్రసారిణి దెబ్బతినే ప్రమాదం ఉంది.

బంధం తెగితే ఏం కావాలి?

ఎంత మంచి కంట్రోలర్ అయినా ఏదో ఒక రోజు సంకేతం తెగవచ్చు. ఆ క్షణంలో విమానం ఏం చేయాలో ముందే నిర్ణయించి పెట్టడాన్ని ఫెయిల్‌సేఫ్ అంటారు. సాదా విమానంలో మోటారు ఆగి, చుక్కాని కొద్దిగా ఒకవైపు తిరిగి, విమానం అక్కడికక్కడే చుట్లు తిరుగుతూ దిగేలా అమర్చడం వాడుకలో ఉన్న పద్ధతి. జీపీఎస్ ఉన్న డ్రోన్‌నైతే బయలుదేరిన చోటికి తిరిగి వచ్చేలా ఏర్పాటు చేయవచ్చు. అమర్చడంతో పని ముగియదు. ప్రొపెల్లర్ తీసేసి, నేల మీదే కంట్రోలర్‌ను ఆపి చూడాలి. మోటారు ఆగకపోతే ఆ విమానం ఎగరడానికి సిద్ధంగా లేనట్టే.

దూర పరీక్ష కూడా నేల మీదే చేయవచ్చు. కంట్రోలర్ శక్తిని 10 మిల్లీవాట్లకు తగ్గించి, మరొకరిచేత విమానాన్ని పట్టించి నడుచుకుంటూ వెళ్లాలి. 250 మిల్లీవాట్లు దానికి 25 రెట్లు. శక్తి 25 రెట్లయితే దూరం ఐదు రెట్లవుతుంది. అంటే 10 మిల్లీవాట్లతో 200 మీటర్ల వరకు బంధం నిలిస్తే, అదే పరిస్థితుల్లో పూర్తి శక్తితో కిలోమీటరు ఆశించవచ్చు. ఎగిరేటప్పుడు తెర మీద సంకేత బలం మైనస్ 90 డీబీఎంగా కనిపిస్తే, మైనస్ 108 వరకు ఇంకా 18 డెసిబెల్స్ మిగిలాయని అర్థం. ఆ అంకె వంద వైపు జారుతుంటే వెనక్కి తిప్పవలసిన సమయం వచ్చినట్టే.

చట్టం గీసిన గీత

2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమాలు ఈ మొత్తం చర్చకు హద్దు గీస్తాయి. 25 కిలోల లోపు బరువుండి, విద్య, పరిశోధన, వినోదం వంటి అవసరాలకు, కంటికి కనిపించే దూరంలోనే నడిపేవాటిని ఆ నియమాలు మోడల్ విమానాలుగా గుర్తించి టైప్ సర్టిఫికెట్ నుంచి మినహాయించాయి. వాణిజ్యేతర అవసరాలకు 2 కిలోల వరకు బరువున్న డ్రోన్ నడిపేందుకు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆకుపచ్చ జోన్‌లో 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అవసరం లేదు. విమానాశ్రయం సరిహద్దు నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ పరిమితి 200 అడుగులే. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ వంటి నగరాల శివార్లలో ఎగురవేసేవారు డిజిటల్ స్కై మ్యాప్ చూడకుండా మైదానానికి వెళ్లకూడదు.

దిగుమతి నిబంధనలూ తెలిసి ఉండాలి. 2022 ఫిబ్రవరి నుంచి పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిపై నిషేధం ఉంది, విడిభాగాలకు అది వర్తించదు. అయితే రేడియో పరికరాల దిగుమతికి టెలికమ్యూనికేషన్ల శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఆమోదం కావాలి. విదేశీ వెబ్‌సైట్‌లో తక్కువ ధర చూసి తెప్పించుకున్న పెట్టె కస్టమ్స్‌లో ఆగిపోతే ఆదా చేసిన డబ్బు కన్నా నష్టమే ఎక్కువ. ఆమోదం ఉన్న పరికరాన్ని బిల్లు ఇచ్చే దేశీయ దుకాణంలో కొనడం మేలు.

చట్టం కంటి చూపు దాటి వెళ్లనివ్వదు. మీటరు రెక్కలున్న విమానం కొన్ని వందల మీటర్ల దూరంలోనే చుక్కలా మారి, ఎటు తిరిగిందో తెలియకుండా పోతుంది. కాబట్టి ప్రకటనలోని 20, 30 కిలోమీటర్లు అభిరుచిపరునికి ఎప్పటికీ అవసరం రావు. అతనికి కావలసింది తొలి 500 మీటర్లలో తెగని బంధం. అది ఇప్పుడు సామాన్యుడికి అందే ధరలోనే దొరుకుతోంది. 2.4 గిగాహెర్ట్జ్ ఈఎల్‌ఆర్‌ఎస్, హాల్ సెన్సర్ కర్రలు, సరైన రిసీవర్, నేల మీద పరీక్షించిన ఫెయిల్‌సేఫ్ ఉంటే చాలు. మిగిలిన డబ్బును విడి ప్రొపెల్లర్లకు అట్టిపెట్టుకోవడం తెలివైన పని.