క్రొత్త గ్రామఫోను రికార్డులు: నాదలోపములు

కాలగర్భమున కలిసిపోయినదనుకొన్న గ్రామఫోను రికార్డు ఈ శతాబ్దమున మరల అంగళ్ల కెక్కినది. 2022లో అమెరికా దేశమున సి.డి.లకంటె వైనిలు రికార్డులే ఎక్కువ అమ్ముడుపోయినవి. వెల హెచ్చు, అట్ట సొగసు. కాని ముల్లు మోపినంతనే చిటపటలు, బుసలు, ఊగులాడు శ్రుతి. నా పింఛనులోనుండి కొన్న ఆరు క్రొత్త రికార్డులలో రెండిట్లే యుండెను. పాతదనిన మమకారమును ప్రక్కన బెట్టి, దీనికి కారణమేమో విచారింతము.

ముందుగా రికార్డు పుట్టుక తెలియవలెను. అల్యూమినియపు పలకపై పూసిన మెత్తని లాకరులో సన్నని మొనతో గాడి చెక్కుదురు. దానికి వెండిపూత నిచ్చి, విద్యుత్తుచే నికెలు పేరుకొనజేసి ఒలిచినచో, గాడి గట్టుగా తిరుగబడిన అచ్చు వచ్చును. దానినుండి మరియొకటి, దానినుండి వేరొకటి తీయుదురు. వృత్తిలోనివారు మొదటి రెంటిని తండ్రి, తల్లి యనియే పిలుతురు. కడపటి అచ్చుల నడుమ వేడి వైనిలు ముద్ద నుంచి అదిమి, పిదప చల్లార్తురు.

ఇన్ని మెట్లలో ఎచట తొందరపడినను ఫలము చెవికి తెలియును. ముద్ద గాడులన్నిటిలోనికి పారకమున్నే గట్టిపడినచో పూడని చోట్లు మిగులును. అచట గుడ్డ చింపినట్టి ధ్వని పుట్టును. చల్లారకమున్నే పెరికిన పళ్లెము వంగును. అరిగిన అచ్చును మార్చక వాడినచో కడపటి ప్రతులు మసకబారును.

వీనికంటె బాధాకరము నడిమి రంధ్రము తొలగుట. రంధ్రము ఒక్క మిల్లీమీటరు తప్పినదనుకొనుడు. కేంద్రమునుండి 60 మిల్లీమీటర్ల దూరముననున్న లోపలి గాడిలో, శ్రుతి నూటికి 1.67 పాళ్లు ఒకమారు హెచ్చును, ఒకమారు తగ్గును. మన శాస్త్రమున ప్రమాణశ్రుతి యనెడి అంతరము 81/80. అనగా నూటికి ఒకటింబావు మాత్రమే. తంబుర నాదమే ఊగినపుడు గాయకుని స్వరశుద్ధి ఏమగును?

లోపలి గాడులకు మరియొక కష్టము కలదు. పళ్లెము తిరుగు వేగమొక్కటే యైనను, ముల్లు క్రింద గాడి వెలుపలి అంచున సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు, లోపల 20 మాత్రమే సాగును. అందుచే పాటల నెక్కువగా ఇరికించిన ప్రక్క చివర పలుకులు బొంగురుపోవును. ఇది పాత రికార్డులకును తప్పలేదు.

డిజిటలు ధ్వనియే దోషమని కొందరందురు. మొబైల్ ఫిడెలిటీ అను అమెరికా సంస్థవారి రికార్డులలో, కొన్నవారు ఊహింపని డిజిటలు మెట్టు కలదని 2022లో బయటపడినది. అంతవరకు ఆ రికార్డులనే రసికులు మెచ్చుకొనిరి! కావున తప్పు డిజిటలుది కాదు. హెచ్చు తగ్గుల నణచి అంతయు బిగ్గరగా జేసిన ప్రతిని తెచ్చి గాడిలో చెక్కుటయే తప్పు. 180 గ్రాముల బరువును నాదమును బాగుచేయదు. మందము పెరిగినంత మాత్రమున గాడి చెక్కడము మారదు.

సి.డి.ల కాలమున పెక్కు కర్మాగారములు మూతపడి, యంత్రములు తుక్కైనవి. చేయితిరిగిన పనివారు విరమించిరి. 2020 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని బానింగున లాకరు పలకలు చేయు అపోలో మాస్టర్స్ కర్మాగారము కాలిపోగా, జపానులోని కర్మాగారము పైననే భారము పడెను. గిరాకి పెరిగినది, నేర్పు అంత త్వరగా పెరుగలేదు. ఐనను శ్రద్ధతో అచ్చొత్తిన క్రొత్త రికార్డులు పాతవానికి తీసిపోవు.

కొనువారొక పరీక్ష చేయవచ్చును. పళ్లెమును కడిగి, ముల్లును శుభ్రపరచి వినుడు. 33⅓ చుట్ల రికార్డుకు ఒక చుట్టు 1.8 సెకనులు. ఆ లెక్కకు సరిగా శ్రుతి ఊగి, ముల్లు మోయు చేయియు ప్రక్కలకు కదలినచో రంధ్రము తప్పినదే. మొగమోటపడక తిరిగి యిచ్చివేయుడు. ఊరకున్నచో అచ్చొత్తినవాని యజాగ్రత్తకు పాడినవాడు నింద మోయును. అంతకంటె అన్యాయము లేదు.