తూటా పేలాక... తుపాకీ ఎవరిది?

2024 మార్చి. పట్టపగలు. సికింద్రాబాద్‌ను ఆనుకునే ఉన్న బేగంపేట రసూల్‌పురాలో ఓ ఇంటికి ఇద్దరు వచ్చారు. కొరియర్ అన్నారు. లోపలికొచ్చాక చూస్తే చేతుల్లో నాటు తుపాకీ, కత్తి! ఆ ఇంటి తల్లీకూతుళ్లు బెదిరిపోలేదు. కలబడ్డారు, తన్నారు, తరిమారు. సీసీ కెమెరాకు చిక్కిన ఆ దృశ్యాన్ని ఊరూవాడా చూసింది. పోలీసులు పిలిచి సన్మానించారు.

అక్కడ తుపాకీ దొంగలది. అదే ఆ ఇంటి బీరువాలో లైసెన్సు రివాల్వర్ ఉండి, అది పేలి ఉంటే? కంటోన్మెంట్ ఉన్న ఊరు మనది. రిటైరైన సైనికాధికారులు, బంగారం వ్యాపారులు, బ్యాంకు గేటు దగ్గర డబుల్ బ్యారెల్‌తో నిలబడే గార్డులు... లైసెన్సు ఆయుధం ఇక్కడ వింతేమీ కాదు.

ఆత్మరక్షణ హక్కు చట్టంలో స్పష్టంగానే ఉంది. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు దాని గురించే. ప్రాణం పోతుందనో, తీవ్రగాయం అవుతుందనో సహేతుకమైన భయం ఉన్నప్పుడు, అత్యాచారం, యాసిడ్ దాడి, దోపిడీ లాంటివి ఎదురైనప్పుడు ఎదుటివాడి ప్రాణం పోయినా నేరం కాదు. కాపాడుకునేది మీ ప్రాణమే కానక్కర్లేదు, పక్కింటాయనదైనా సరే. అలాగని అవసరానికి మించి హాని చేయకూడదు. పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆ హక్కే లేదు.

ఆదిలాబాద్ తాటిగూడలో 2020 డిసెంబరులో పిల్లల క్రికెట్ గొడవ పెద్దలకు పాకింది. ఓ స్థానిక నేత లైసెన్సు రివాల్వర్‌తో కాల్పులు జరిపాడు. గాయపడిన వారిలో ఒకరు చికిత్స పొందుతూ చనిపోయారు. 2022 జనవరిలో కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. లైసెన్సు అక్కరకు రాలేదు.

సరే, మీ కాల్పులు న్యాయమైనవే అనుకుందాం. అయినా తుపాకీ మీ దగ్గర ఉండదు. నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షన్ కింద పోలీసులు దాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. పంచనామా రాసి, సీలు వేసి, ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతారు. తూటా ఆ తుపాకీలోంచే వచ్చిందా, ఎంత దూరం నుంచి కాల్చారు... ఇవన్నీ తేలేది అక్కడే. మీ మాట నిజమని చెప్పే సాక్షి ఒక్కోసారి ఆ తుపాకీయే! కాబట్టి అడ్డుపడకండి. ఆయుధం నంబరు, మిగిలిన తూటాల లెక్క పంచనామాలో సరిగా ఉన్నాయో లేదో మాత్రం చూసుకోండి. సంతకం పెట్టేముందు చదివే అలవాటు మనకు బొత్తిగా తక్కువ.

తుపాకీ పోయిందంటే లైసెన్సూ పోయినట్టేనా? కాదు. ఎస్సై ఆయుధాన్ని స్వాధీనం చేసుకోగలరు గానీ లైసెన్సు రద్దు చేయలేరు. 1959 నాటి ఆయుధాల చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఆ అధికారం లైసెన్సు ఇచ్చినవారిది. మన నగరంలో అయితే పోలీసు కమిషనర్‌ది. కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలి. దానిమీద అప్పీలుకూ వెళ్లొచ్చు. నేరం రుజువై శిక్ష పడితే కోర్టు కూడా రద్దు చేయగలదు. ఇక తుపాకీ తిరిగి కావాలంటే మేజిస్ట్రేటునే అడగాలి. ప్రాణం పోయిన కేసయితే మాత్రం విచారణ ముగిసేదాకా ఆశ పెట్టుకోకపోవడమే మేలు.

అసలు పరీక్ష కోర్టులో. ఆత్మరక్షణ కోసమే కాల్చానని చూపించే భారం కాల్చినవాళ్ల మీదే ఉంటుంది. కాకపోతే ప్రాసిక్యూషన్‌లా సందేహానికి తావులేకుండా నిరూపించనక్కర్లేదు, అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని అనిపిస్తే చాలు. పంజాబ్‌కు చెందిన దర్శన్ సింగ్ కేసు చూడండి. పొలం తగాదాలో తండ్రి మీద గండాసా వేటు పడింది, ఆ గండాసాతోనే తన మీదికి వస్తుంటే లైసెన్సు తుపాకీతో కాల్చానన్నాడు. కింది కోర్టు నమ్మింది. హైకోర్టు నమ్మక శిక్ష వేసింది. ప్రాణభయంలో ఉన్నవాడు ప్రతి దెబ్బనూ త్రాసులో తూచలేడంటూ 2010 జనవరిలో సుప్రీంకోర్టు అతణ్ని విడిచిపెట్టింది. తుపాకీ పేలింది మాత్రం 1991లో.