ఎనిమిదో నంబరు ఎవరి పాదం?

మైలవరం, కొండపల్లి వైపు ఊళ్లలో కానిస్టేబుల్ ఉద్యోగం కోసం పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లకు ఒక లెక్క నోటికొచ్చు: 1600 మీటర్లు, 8 నిమిషాలు. అమ్మాయిలకైతే పదిన్నర నిమిషాలు. పాదం వైపు నుంచి చూస్తే ఆ లెక్క ఇలా ఉంటుంది. నిమిషానికి 170 అడుగులు వేస్తాడనుకుంటే ఆ 8 నిమిషాల్లో ఒక్కో పాదం 680 సార్లు నేలను తాకుతుంది. తాకిన ప్రతిసారీ ఒంటి బరువుకు రెండు మూడు రెట్ల భారం దానిమీద పడుతుంది. 60 కిలోల మనిషికి 120 నుంచి 180 కిలోలన్నమాట. ఆ భారానికి పాదం పొడవుగా, వెడల్పుగా పరుచుకుని షూలో ముందుకు జరుగుతుంది. అక్కడ జాగా లేకపోతే గోరు షూ మొనకు పదేపదే కొట్టుకుని, దాని కింద నెత్తురు గడ్డకడుతుంది. పరుగెత్తేవాళ్ల కాళ్లకు కనిపించే నల్లగోళ్లు చాలావరకు ఇలా వచ్చినవే.

అయినా విజయవాడ బీసెంట్ రోడ్డుకెళ్లి "నాది ఎనిమిదో నంబరు" అనే అడుగుతాం. ఆ ఎనిమిది పాదం కొలత కాదు, షూ తయారుచేసేటప్పుడు లోపల పెట్టే అచ్చు కొలత. మన దగ్గర చెల్లేది ఇంగ్లండు లెక్క. నంబరుకీ నంబరుకీ తేడా అంగుళంలో మూడోవంతు, అంటే దాదాపు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. అది పూర్వం ఒక బార్లీ గింజ పొడవు. ఆ ప్రకారం ఎనిమిదో నంబరు అచ్చు 11 అంగుళాలు. అదే షూ అమెరికా మగవాళ్ల లెక్కలో 9, ఐరోపా లెక్కలో 42. ఇదంతా పొడవు గొడవే. వెడల్పు సంగతి ఆ అంకెలో లేదు. అచ్చు ఆకారం ఏ కంపెనీది ఆ కంపెనీదే. అందుకే ఒకరి ఎనిమిది హాయిగా ఉంటే ఇంకొకరి ఎనిమిది కరుస్తుంది.

మనవాళ్లకు అసలు పేచీ వెడల్పుతోనే. చెప్పులు లేకుండా తిరిగి పెరిగిన పాదం వెడల్పుగా ఉంటుంది. బెల్జియం పరిశోధకుడు క్రిస్టియాన్ డౌట్ బృందం దక్షిణ భారతంలో వట్టికాళ్లతో నడిచేవారిని పరిశీలించి 2009లో ఇదే ప్రచురించింది. వాళ్ల అరికాలి మీద ఒత్తిడి కూడా మిగతావాళ్లకన్నా సమంగా పరుచుకుని ఉంది. అలాంటి పాదాన్ని సన్నటి అచ్చులో దూర్చి, పక్కలు పట్టేస్తున్నాయని ఒక నంబరు పెంచి కొంటాం. అప్పుడు ముందు ఖాళీ మిగులుతుంది, మడమ జారుతుంది, బొబ్బలు లేస్తాయి.

"వాడగా వాడగా సాగుతుందండీ" అన్న షాపువాళ్ల మాట తోలు బూటుకు చెల్లుతుంది. రన్నింగ్ షూ పైభాగం ఎక్కువగా పాలిస్టర్, నైలాన్ అల్లిక. అది అంతగా సాగదు. తోలు మాట వచ్చింది కాబట్టి చెప్పాలి: చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు చాలాకాలం డైరెక్టరుగా ఉన్న యలవర్తి నాయుడమ్మ తెనాలి దగ్గర యలవర్రులో పుట్టారు, మన డెల్టా మనిషే. ఆ సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా పాదాలను త్రీడీ యంత్రాలతో కొలిపించింది. మన పాదాలు వెడల్పన్న సంగతి అందులోనూ తేలింది. దాన్నిబట్టి 'భ' పేరుతో దేశీ సైజుల పద్ధతిని ప్రతిపాదించారు. ఇన్నేళ్లూ బార్లీ గింజతోనే కాళ్లు కొలుచుకున్నామంటే విడ్డూరమే.

ఇంట్లో కొలత తేలికే. పగలంతా నిలబడి తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, కాబట్టి సాయంత్రం కొలవాలి. ఏ ఫోర్ కాగితం గోడకు ఆనించి, మడమ గోడకు తగిలేలా, బరువంతా ఆ కాలిమీద వేసి నిలబడాలి. కూర్చుని కొలిస్తే పాదం పొట్టిగా వస్తుంది. పెన్సిలు నిటారుగా పట్టి పాదం చుట్టూ గీయాలి. రెండు కాళ్లూ కొలిచి, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోవాలి. కొందరికి బొటనవేలికన్నా పక్కవేలే పొడవు. అలాంటప్పుడు దాని కొనదాకా కొలవాలి. షాపులో ఇన్‌సోల్ బయటికి లాగి దానిమీద నిలబడితే వెడల్పు గుట్టు బయటపడుతుంది. చిటికెనవేలు అంచు దాటి వేలాడితే, ఆ మోడల్ ఎంత తగ్గింపుకి ఇచ్చినా మనది కాదు. తొడుక్కుని నిలబడ్డాక పొడవైన వేలికి ముందు చేతి బొటనవేలి వెడల్పంత జాగా ఉండాలి. షూ మడత పడేచోటు, పాదం మడత పడేచోటు ఒకటి కావాలి.

అరికాలు చదునుదా, వంపుదా అని చూసి షూ నిర్ణయించే ఆచారం ఒకటుంది. అమెరికా సైన్యంలో వేలమంది కొత్తవాళ్లకు అలా ఇచ్చి చూశారు; గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో బెన్నో నిగ్ తదితరులు 2001లో ప్రచురించిన పరిశోధనలో మాత్రం, తమకు హాయిగా అనిపించిన ఇన్‌సోల్ ఎంచుకుని వాడిన సైనికులకు గాయాలు తగ్గాయి. నా ఓటు దానికే. షాపులో మొహమాటపడకుండా నాలుగు అడుగులు పరుగెత్తి చూడాలి.

ముందంతా సరిపోయి మడమ ఒక్కటే కొద్దిగా జారుతుంటే లేసుతో సరిచేయవచ్చు. చాలా షూలకు చీలమండ దగ్గర ఒక అదనపు రంధ్రం ఉంటుంది. లేసును అదే పక్క దాంట్లోకి దూర్చి చిన్న ఉచ్చు చేసి, అవతలి కొసను అందులోంచి తీసి బిగిస్తే మడమ కదలదు. అప్పటికీ జారితే వేరే మోడల్ చూసుకోవాలి.