ఫంగస్‌కు ఏ మందు పనిచేస్తుంది? ల్యాబ్‌లో తేల్చేది ఇలా.. రిపోర్టు చూసే ముందు ఇవి తెలుసుకోండి!

ఐసీయూలో ఉన్న రోగి రక్తంలో 'ఈస్ట్' పెరిగిందని రిపోర్టు వస్తే, సగం సమాధానం దొరికినట్టే. అది ఏ మందుకు లొంగుతుందన్నది మిగతా సగం. మౌలాలికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీలో క్యాండిడా గ్లాబ్రాటా అనే ఈస్ట్‌పై పరిశోధనలు జరుగుతున్నాయి. ఎక్కువగా వాడే ఫ్లుకోనజోల్‌కు అంత తేలిగ్గా లొంగని రకమిది. క్యాండిడా ఆరిస్ ఇంకా మొండిది. 2009లో జపాన్ పరిశోధకులు వెల్లడించిన ఈ ఫంగస్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అత్యంత కీలక ముప్పుల జాబితాలో పెట్టింది.

ప్రామాణిక పద్ధతి ఏది?

బ్రాత్ మైక్రోడైల్యూషన్. చిన్న చిన్న గుంతలున్న ప్లేటులో మందు మోతాదును సగం సగం తగ్గిస్తూ పోస్తారు. అన్నింట్లో ఈస్ట్ వేసి, 24 గంటల తర్వాత చూస్తారు. ఎంత తక్కువ మోతాదుకు పెరుగుదల ఆగిందో అదే 'ఎంఐసీ'. ఫ్లుకోనజోల్‌కైతే పెరుగుదల సగానికి తగ్గినా చాలు. అమెరికా సంస్థ సీఎల్‌ఎస్‌ఐ కంటే యూరప్ సంస్థ ఈయూకాస్ట్ పద్ధతిలో ఈస్ట్ కణాలు దాదాపు 100 రెట్లు ఎక్కువ వేస్తారు. అందుకే ఒకరి ఫలితాన్ని మరొకరి కొలమానంతో చూడకూడదు.

డిస్క్, స్ట్రిప్ సంగతేంటి?

డిస్క్ పద్ధతి చౌక. మందు బిళ్ల చుట్టూ ఈస్ట్ పెరగని వలయాన్ని కొలుస్తారు. కానీ ఎంఐసీ నేరుగా తెలియదు. స్ట్రిప్‌తో ఆ అంకె తెలుస్తుంది, ఖర్చు మాత్రం ఎక్కువ. వలయం అంచు మసగ్గా ఉంటే రెండింట్లోనూ చదవడం కష్టమే.

మెషిన్ చెప్పిందే ఫైనలా?

కాదు. వైటెక్-2 లాంటి ఆటోమేటిక్ యంత్రాలతో పని సులువే. అయితే ఆరిస్ విషయంలో యాంఫోటెరిసిన్-బి పనిచేయదని ఈ యంత్రం పొరపాటుగా చూపిన సందర్భాలున్నాయి. అసలే ఉన్న మందులు కొన్నే. పనికొచ్చే మందును పక్కన పెడితే నష్టపోయేది రోగే. అందుకే ఇలాంటి ఫలితాన్ని మరో పద్ధతిలో సరిచూడాలి.

అంకె చిన్నదైతే మంచి మందేనా?

ఇక్కడే చాలామంది పొరబడతారు. సీఎల్‌ఎస్‌ఐ లెక్కలో క్యాండిడా ఆల్బికన్స్‌కు ఫ్లుకోనజోల్ ఎంఐసీ 2 ఉన్నా పనిచేస్తుందనే అర్థం. అదే కాస్పోఫంగిన్‌కైతే 0.25 దాటకూడదు. ఏ మందు హద్దు దానిదే. క్యాండిడా క్రూసై అయితే సహజంగానే ఫ్లుకోనజోల్‌కు లొంగదు. కాబట్టి డాక్టర్‌ను అడగాల్సినవి మూడు: ఏ రకం ఈస్ట్? ఏ పద్ధతిలో పరీక్షించారు? అనుమానం వస్తే మళ్లీ సరిచూశారా?

(గమనిక: ఈ సమాచారం అవగాహన కోసమే. చికిత్స విషయంలో డాక్టర్ సలహా తప్పనిసరి.)